బొగ్గు బస్సు డబ్బాలో నీళ్లు

సారమ్మక్కకు వందనాలు. నా రాతలో తప్పులుంటే మన్నించు... అక్షరాలు కోడి గెలికినట్టు ఉంటాయి. పొయ్యి పక్కన కూర్చుని, అత్త పొలం నుంచి వచ్చేలోగా రాస్తున్నాను.

బోర్డింగు బడికి వచ్చిన మొదటి రోజు ఒళ్లంతా మసితో ఎందుకున్నావని నువ్వు చాలాసార్లు అడిగావు. అప్పుడు సిగ్గేసి చెప్పలేదు.

మన చిన్నప్పుడు... యుద్ధం రోజుల్లో బస్సులకు పెట్రోలు దొరికేది కాదు. బస్సు వెనకాల పెద్ద పీపా బిగించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతోనే నడిపేవాళ్లు. కర్నూలులో తెల్లవారుజామున ఎక్కితే కడపలో ఎప్పుడు దిగుతామో ఎవరికీ తెలియదు.

తెలియదని ఎవరూ బాధపడేవాళ్లు కూడా కాదు. రెండు పూటలకు జొన్నరొట్టెలు, ఊరుబిండి మూటకట్టుకుని, చాప చుట్టుకుని ఎక్కేవాళ్లు. "ఎప్పుడు చేరతాం?" అని అడిగితే మాత్రం డ్రైవరు మస్తాన్ సాయిబుకు కోపం వచ్చేది.

"అట్లా అడగొద్దప్పా, బండి ఇంటాది. అలిగిందంటే ఈడనే కూలబడతాది" అనేవాడు.

ఇంకో పద్ధతి ఉండేది. టికెట్టు డబ్బులతో పాటు మనిషికొక చెంబు నీళ్లు బండికి ఇవ్వాలి. సాయిబు సీటు పక్కన ఒక రేకు డబ్బా... అందరి నీళ్లూ అందులోనే. ఎండకు ఇంజను కాగిపోయినప్పుడల్లా ఆ నీళ్లు పోసేవాడు.

నేను బడికి బయలుదేరిన ఆ రోజు మా నీళ్లు మాత్రం ఎవరూ అడగలేదు. చర్చి పక్క పేటవాళ్లం కదా... మా కడవ ఊళ్లోవాళ్లు ముట్టరు. ఎవరూ చెప్పకుండానే నేను, అమ్మ వెనక బల్ల మీద, పీపా పక్కన కూర్చున్నాం. ఆ సెగ, ఆ మసి... అమ్మ కొంగుతో నా ముఖం తుడుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం పేర్లు పిలిచే వేళకు నేను కడప బడిలో ఉండాలి. లేకపోతే నా చోటు ఇంకో పిల్లకు ఇచ్చేస్తామని పాదిరిగారు ముందే చెప్పారు. నాన్న కూలి మానుకుని రాలేకపోయాడు. అమ్మ కూడా అంత దూరం పోవడం అదే మొదటిసారి.

చాగలమర్రి దాటాక బస్సు ఆగిపోయింది. ఇంజను బుసలు కొడుతోంది. డబ్బా ఖాళీ. ఎండాకాలం కాబట్టి కాలవలో కూడా తడి లేదు. చుట్టూ తుమ్మచెట్లు, బండరాళ్లు... అందరూ దిగి, బస్సు నీడలో కూర్చుని రొట్టెలు విప్పారు. ఎవరికీ తొందర లేదు. అమ్మ మాత్రం పొద్దు ఎంత వాలిందో చూస్తూ నిలబడింది.

సాయిబు మా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నీ కడవలో నీళ్లుండాయా?"

"ఉండాయి సాయిబన్నా... అవి మావి..." అంటూ అమ్మ ఆగిపోయింది.

"ఇంజనుకు అయ్యన్నీ తెలీవులేమ్మా!"

అమ్మ తన చేత్తోనే కడవ వంచి డబ్బాలో పోసింది. సగానికి పైగా నిండింది. ఇంజను కాస్త చల్లారాక పోద్దామని సాయిబు డబ్బాను నీడలో పెట్టాడు.

ముందు సీటులో వచ్చిన రెడ్ల అవ్వ ఒకామె రొట్టె గొంతులో అడ్డం పడి దగ్గుతోంది. ఆమె నీళ్లు పొద్దుననే ఇంజనులోకి పోయాయి.

"ఆ డబ్బాలోవి రవ్వన్ని ఇయ్యప్పా."

"అవి యాడివో చూసినావా అవ్వా?" అన్నాడు ఒకాయన.

"చూసినా. బండి నీళ్లు."

అవ్వ చెంబు ముంచుకుని గటగటా తాగేసింది. అంతే... ఒకరి వెనక ఒకరు చెంబులు పట్టుకుని వచ్చారు. మా కడవలో ఉన్నంతసేపు ముట్టని నీళ్లే, డబ్బాలోకి మారగానే అందరివీ అయ్యాయి.

డబ్బాలో నీళ్లు తగ్గుతున్నాయి. పరాయి మగవాళ్ల ముందు ఎప్పుడూ నోరెత్తని మా అమ్మ ముందుకు వచ్చింది.

"తాగండయ్యా, వద్దనను. బండికి గూడా రోన్ని మిగల్చండి. పొద్దు గూకేలోపల మా పాపను ఇస్కూల్లో ఇడిసిపెట్టాల."

"మీ పాప పోకుంటే కలెక్టరు కచేరీ మూసేస్తారా ఏం?" అన్నాడు ఇందాకటాయన. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

అవ్వ లేచి డబ్బాకు అడ్డంగా నిలబడింది.

"గొంతు తడిసేతలికి నోర్లు లేస్తాండాయే మీకు! ఆ యమ్మ నీళ్లు తాగి ఆ యమ్మనే ఎగతాళి చేస్తారా? ఇంగ ఎవురన్నా చెంబు ముంచితే చెయ్యి ఇరగ్గొడతా. పొయ్యప్పా ఇంజనుకు!"

ఆ యమ్మ నీళ్లు... ఆ మాట ఆమె నోటి నుంచి బయటికి వచ్చేసింది. ఆయన తల దించుకున్నాడు. సాయిబు నీళ్లు పోశాడు. మగవాళ్లంతా బస్సును తోశారు.

మేం బడి గేటు దగ్గరికి చేరేసరికి దీపాలు పెడుతున్నారు. లోపల పేర్లు పిలుస్తున్నారు. నా పేరు ఇంకా రాలేదు... అమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. మసి ముఖంతో నిలబడ్డ నన్ను చూసి నవ్వావే, అది అప్పుడే అక్కా.

ఇప్పుడు మళ్లీ పెట్రోలు బస్సులు వచ్చాయి. కాసేపు ఆలస్యమైతే చాలు, జనం డ్రైవరు మీద నోరు చేసుకుంటున్నారు. బండికి నీళ్లు తెచ్చేవాళ్లే లేరు. పక్కనున్నవాళ్లకు దాహంగా ఉందేమో అని చూసేవాళ్లూ లేరు. నువ్వు బోర్డింగుకు ఎట్లా వచ్చావో నాకెప్పుడూ చెప్పలేదు... తీరిక దొరికితే రాయక్కా.

ఇంకొక్క మాట. ఆ అవ్వ ఊరికే నేను కోడలిగా వచ్చాను. ఇక్కడ బావిలో మేం చేద వెయ్యకూడదు. ఎవరైనా తోడి పైనుంచి పోస్తేనే మాకు నీళ్లు. మొన్న ఆమే పోసింది. పోస్తూ పోస్తూ చిన్నగా అడిగింది...

"ఆపొద్దు చేరినావా పాపా?"

"చేరినానవ్వా."

చుట్టూ ఒకసారి చూసి, ఇంకో చేద తోడి నా కడవ నిండా పోసింది.

ఆమె మా నీళ్లు తాగిందని ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలిస్తే ఈ వయసులో ఆమెను సొంత ఇంట్లోనే వంటింటి గడప తొక్కనివ్వరు. అందుకే, చదివిన వెంటనే ఈ ఉత్తరం పొయ్యిలో వేసెయ్యక్కా.