ప్లగ్గు పీకి చూడని ప్రమాణం

పోయినవాటిని ముందు లెక్క వేసుకోవడం నా అలవాటు. ఒక మంచి ఉద్యోగం పోయింది, నాది కాదు. గోపన్‌పల్లి దారిలో నిలబడి చాయ్ తాగే స్నేహం ఒకటి పోయింది. ప్రమాణం అనే మాట వినగానే సర్దుకుని నిలబడే మర్యాద నాలోంచి పూర్తిగా పోయింది. ఇంకా తీరని బాకీ ఒకటుంది, అది చివర చెబుతాను.

మొన్న కోకాపేటలో మా అమ్మాయి కొత్తగా చేరిన కంపెనీవాళ్లు ప్రమాణం చేయించే సభకు తల్లిదండ్రులను కూడా పిలిచారు. మూడు వందల మంది ఇంజినీరు పిల్లలు లేచి, కుడిచెయ్యి చాచి, ప్రజల ప్రాణాలకన్నా తమకేదీ ముఖ్యం కాదని చదువుతుంటే, సగం మంది ఆ కుడిచేతినే ఎడమచేతి ఫోన్లో వీడియో తీసుకుంటున్నారు. వేదిక మీద చదివిస్తున్న ముఖ్య అతిథిని గొంతును బట్టి గుర్తుపట్టాను. ఒకప్పుడు నేను పనిచేసిన కంపెనీలో మా పెద్దసారు.

హైటెక్ సిటీ చుట్టూ ఇంకా బండరాళ్లు కనిపించే రోజులవి. విత్తనాల దుకాణంలో పద్దులు రాస్తూ కంప్యూటర్ సొంతంగా నేర్చుకున్న నన్ను, ప్రోగ్రాం చెప్పే అంకెలు సరిచూడడానికి ఆ కంపెనీ కాంట్రాక్టు మీద తీసుకుంది. దవాఖానలో పసిపిల్లల నరంలోకి మందును కొద్దికొద్దిగా పంపే యంత్రానికి అక్కడ ప్రోగ్రాం రాసేవారు. ప్రతి సోమవారం క్యాంటీన్లో అందరూ చెయ్యి చాచి ప్రమాణం చదవాలి, దానికి హాజరు వేసేవారు, ఆ హాజరుకు ఏడాది చివర మార్కులుండేవి. కాంట్రాక్టువాళ్లకు మాత్రం ప్రమాణం లేదు. నీతి కూడా క్యాంటీన్ కూపన్లలాగా పర్మినెంటువాళ్లకిచ్చే సదుపాయమేనని అర్థం చేసుకుని, ఆ పది నిమిషాలు మేము ఇడ్లీ తినేవాళ్లం.

నా పక్కసీటు అమ్మాయి మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన ఇంజినీరు. నన్ను అన్నా అనేది కనుక నాకు చెల్లె. గోపన్‌పల్లి దారిలో చాయ్ ఇద్దరం కలిసే తాగేవాళ్లం. యంత్రాన్ని చివరిసారి పరీక్షించి, సరిగా ఉందని సంతకం పెట్టే పని ఆమెది. ఒకరోజు ఆమెకు ఒక సంగతి తట్టింది. పరీక్షలన్నీ మా భవనంలోనే జరిగాయి, మా భవనంలో కరెంటు పోయిందని దీపాలకు కూడా తెలిసేది కాదు. మందు సగం వెళ్లాక కరెంటు పోయి వస్తే, యంత్రం మిగిలిన సగమే పంపుతుందా, మొత్తం మళ్లీ మొదటినుంచి పంపుతుందా? అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరూ ప్లగ్గు పీకి చూడలేదు. ఏయే దశలో పీకి చూడాలో చెల్లె తేల్చింది: పదకొండు పరీక్షలు, వారం రోజుల పని.

పెద్దసారు కోస్తా నుంచి వచ్చినవారు, గొంతు పెంచకుండా మనిషిని కుర్చీలోంచి లేపగలిగేవారు. సరుకు శుక్రవారమే వెళ్లాలన్నారు. "ఆసుపత్రుల్లో జనరేటర్లు ఉంటాయమ్మా, అది మన బాధ్యత కాదు."

"మా ఊరి దవాఖానల జనరేటర్ ఉంది సార్, డీజిలే ఉండదు. కరెంటు జెప్పి పోదు."

గదిలో అందరూ నవ్వారు. ఆమె సంతకం పెట్టలేదు. పెట్టడానికి ఇంకొకరు దొరికారు, సరుకు వెళ్లింది, కేకు కూడా కోశారు.

సోమవారం క్యాంటీన్లో లేచిన చేతుల మధ్య చెల్లె చెయ్యి లేవలేదు. ఎందుకని పెద్దసారు అడిగితే, "అండ్ల ఉన్నట్టు చేస్తలేం గద సార్, మరి చదువుడెందుకు?" అంది. సంతకం పెట్టనందుకు పంపించే ధైర్యం లేనివాళ్లకు ఈ సాకు దొరికింది. నైతిక ప్రమాణాన్ని అగౌరవపరిచిందని రాసి, నెల తిరక్కుండా ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ ప్రమాణాన్ని నిజమని నమ్మిన ఒకే ఒక్క మనిషిని ఆ ప్రమాణం పేరుతోనే బయటికి పంపడానికి ఖర్చుపెట్టిన తెలివిలో పావువంతు ఆ యంత్రం మీద పెట్టి ఉంటే, ఆ వారం రోజుల పరీక్షలు మూడు రోజుల్లోనే అయిపోయేవి.

చెల్లె ఊరి బడిలో లెక్కలు చెబుతోందని కొన్నాళ్లు విన్నాను, తర్వాత ఆ కబురూ లేదు. కంపెనీని ఎవరో కొన్నారు, వాళ్లను ఇంకెవరో కొన్నారు. ఆ యంత్రాల వల్ల ఏ బిడ్డకైనా ఏమైనా అయిందా అంటే నేను చెప్పలేను, చెప్పగలిగే ఏర్పాటు ఎవరూ చేయలేదు. పెద్దసారు మాత్రం ప్రమాణాలు చేయించడంలో నిపుణులయ్యారు.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. మెడలో కొత్త ఐడీ కార్డు తిప్పుకుంటూ విని, "ఆ పరీక్షలు తర్వాతనన్న చేసిర్రా నాన్నా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె కార్డు తీసి సంచిలో వేసుకుంది.

ఆ రోజు క్యాంటీన్లో నలభై చేతుల్లో ఒకటైనా కిందికి ఉంది, దాన్ని చూసి కొందరైనా తల తిప్పుకున్నారు. ఇప్పుడు హాలు పెద్దది, ప్రమాణం పొడుగైంది, మూడు వందల చేతుల్లో ఒక్కటీ దిగలేదు, మా అమ్మాయిదీ దిగలేదు. బాకీ మాత్రం మారలేదు. ప్లగ్గు పీకి చేయాల్సిన పరీక్షలు, ఈ రోజు వరకు: పదకొండు.