తడిసిన సర్వీసు పుస్తకాలు

డెబ్భైల చివర్లో నేను విశాఖ రేవు దగ్గర ఒక ఆఫీసులో రికార్డు గుమస్తాను. తుపానుకు కప్పు కారి రికార్డు గది నిండా నీళ్ళు చేరాయి. సరుకు దించే కలాసీల సర్వీసు పుస్తకాలన్నీ ముద్దయ్యాయి. వాటిని వెనక ఖాళీ స్థలంలో వేసి తగలబెట్టమన్నారు మా ఆఫీసరు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే కలిగింది. ఏళ్ళ తరబడి నేను వాటిని వరసగా సర్దనే లేదు. నా బద్ధకం కూడా వాటితోపాటు కాలిపోతుందనుకున్నాను.

కిరసనాయిలు పోయబోతుంటే పైడమ్మ వచ్చి ఆ కుప్ప మీద కూర్చుంది. ఆమె భర్త కలాసీగా పనిచేస్తూ ఆ ఏడే చనిపోయాడు. అతని బదులు ఆమెకు ఉద్యోగం ఇవ్వాలంటే ఆ పుస్తకం కావాలి.

"ఒకపాలి కాల్సినోణ్ణి మళ్ళీ కాల్సేత్తారేటి బాబూ? నాను లెగను," అంది.

"లాగెయ్యవయ్యా ఆవిణ్ణి," అన్నారు ఆఫీసరు నాతో.

నాకు చేతులు రాలేదు. "కాల్చమని కాగితం మీద రాసి సంతకం పెట్టండి సార్," అన్నాను.

"ఉద్యోగం చెయ్యాలనుందా లేదా?"

"ఉందండి. అందుకే అడుగుతున్నాను."

ఆయన సంతకం పెట్టలేదు. పైడమ్మా నేనూ ఆ పుస్తకాలను తాళ్ళ మీద ఆరేశాం. ఎండ కాశాక ఆమె భర్త పుస్తకం దొరికింది. ఆమెకు ఉద్యోగమూ వచ్చింది.

పుస్తకాలు సర్దలేదనీ, పైవాళ్ళకు ఎదురు చెప్పాననీ నాకు మెమో ఇచ్చారు. పుస్తకాలు సర్దకపోవడం నా తప్పేనని జవాబు రాశాను. ఎదురు చెప్పినందుకు క్షమాపణ కూడా రాయమన్నారు. అది మాత్రం రాయలేదు. ఇవాళ అడిగినా రాయను.