మొదటి శుభలేఖ మీద హంసపాదు

బిలాస్‌పూర్ గోల్ బజార్‌లో తెలుగు అచ్చు దొరకలేదని నా పెళ్ళి శుభలేఖలు విజయనగరంలో వేయించారు. ఆ పనంతా పెదనాన్న కొత్త సెల్‌ఫోన్‌లో అరిచి అరిచి చేయించాడు. కట్ట రైల్లో మా రైల్వే క్వార్టర్‌కి వచ్చేసరికి పెళ్ళికి పది రోజులే ఉంది. పెద్దమ్మ పసుపు గిన్నె పట్టుకుని, దేవుడి దగ్గర పెట్టే మొదటి కార్డు తీసింది. అమ్మ వంటింటి గుమ్మం దాటి రాలేదు. నాన్న పోయినప్పటి నుంచి శుభకార్యాల్లో ఆమె చోటు అదే.

నాది హిందీ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. నా చదువు మీద నాకే నమ్మకం లేక ఆ కార్డు రెండుసార్లు చదివాను. ఆహ్వానించేది పెదనాన్నా, పెద్దమ్మా. నాన్న పేరు ముందు కీర్తిశేషులు అని ఉంది. అమ్మ పేరు ఎక్కడా లేదు.

"అమ్మ పేరేది పెదనాన్నా?"

"ఏటమ్మా, తెలీనట్టు అడుగుతావు? పసుపు కుంకాలు లేని మనిషి పేరు శుభలేఖలో ఎవులైనా ఏస్తారేటి?"

"అచ్ఛా! నాన్న పోయాక ఆయన ఉద్యోగంలో అమ్మ చేరి, ఇన్నేళ్ళూ డ్యూటీ చేసి నన్ను పెంచినప్పుడు అశుభం కాలేదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దమ్మ చేతిలోంచి కార్డు లాక్కుని, నాన్న పేరు పక్కన చిన్న బాతుకాలు లాంటి గుర్తు గీసి, పైన అమ్మ పేరు రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.

"దేవుడి కార్డు మీద గీతలేటి! ఆదిలోనే హంసపాదు!" అని పెదనాన్న తల బాదుకున్నాడు.

మొదట్లోనే పని చెడితే అందరూ అనే మాటే అది. కానీ హంసపాదు అంటే ఆ గుర్తేనని నాకు చిన్నప్పుడే నాన్న చెప్పాడు. నేను అక్షరం మింగేసిన చోటల్లా అది గీసి, మింగింది పైన రాయించేవాడు. "మొత్తం కొట్టీకమ్మా. వదిలీసింది పైన రాయి, సరిపోద్ది" అనేవాడు.

"అవును, హంసపాదే. అన్ని కార్డుల మీదా గీస్తాను. ఒక్కటి వదిలినా పీటల మీద కూర్చోను" అన్నాను పెదనాన్నతో. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పసుపు గిన్నె, ఆ కార్డు తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను.

"ఒద్దమ్మా, తప్పు" అంది.

నేను కదల్లేదు. అమ్మ కార్డు మీద తన పేరు చదువుకుంది. నాలుగు మూలలకీ పసుపు రాసింది. ఐదో బొట్టు నా వంకర అక్షరాల పక్కన, తన పేరుకి పెట్టుకుంది.