బంకబాబాయి దాచిన నలభై నాలుగు పాయింట్లు

మా వీధి చివర మూడు మెట్లు దిగితే ఒక పుస్తకాల బైండింగు కొట్టు. ఆ కొట్టాయన్ని చిన్నాపెద్దా అందరూ బంకబాబాయి అంటారు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు నాకు బాబాయి ఎలా అవుతాడని అడక్కండి. వీధి పెట్టిన పేరు, నా నోటికీ అదే వచ్చేస్తుంది. ఎప్పుడు చూసినా చేతులకి పిండిబంక. చెయ్యి కలిపితే మన చెయ్యి మనకి తిరిగి రావడానికి కాస్త టైము పడుతుంది.

ఆ కొట్టులో ఏ వస్తువు ఎక్కడుంటుందో నన్నడగండి చెబుతాను. గుమ్మం పక్కన కాగితం కోసే బల్ల, గోడవారగా చక్రంలాంటి పిడి ఉన్న ఇనప ప్రెస్సు, పైన తాడు మీద ఆరేసిన గుడ్డ అట్టలు. మధ్యలో రెండు ఎత్తుపీటలు. ఒకటి బాబాయిది, రెండోది వాళ్ళ చెల్లెలిది. ఆవిడ ఫారాలు కుట్టేది. ఫారమంటే ఏంటో నేనూ అడిగే తెలుసుకున్నాను. పెద్ద కాగితాన్ని మడిచి పదహారు పేజీలు చేస్తే అదొక ఫారం. అలాంటివి దొంతరపెట్టి మైనం రాసిన దారంతో కుడితే పుస్తకం. సూది ఎంత పదునో ఆవిడ నోరూ అంతే పదును. అన్న ఆవిడని బుల్లీ అని పిలిచేవాడు. నలభై ఏళ్ళొచ్చినా బుల్లే.

ప్రెస్సుకీ బంకడబ్బాకీ మధ్య ఒక కంప్యూటరు ఉండేది. అట్టల మీద అంటించే లేబుళ్ళు వేద్దామని తెచ్చారట. పది లేబుళ్ళు వేశారో లేదో, అందులోకి ఒక ఆట దూరింది. ఆయుధం పట్టుకుని ఒకడు గుహలంట, కోటలంట తిరుగుతూ రాక్షసుల్ని కొడుతుంటాడు. వాణ్ణి వీళ్ళు "మనవాడు" అనేవాళ్ళు, ఏదో మేనల్లుడి గురించి చెప్పినట్టు. మనవాడు కొంతమందిని కొట్టాక ఒక లెవెలు పెరుగుతాడు. పెరిగినప్పుడల్లా నాలుగు పాయింట్లిస్తారు. వాటిని బలంలో వేసుకోవచ్చు, చురుకులో వేసుకోవచ్చు, ఓర్పులోనో తెలివిలోనో వేసుకోవచ్చు. ఎందులో వేస్తే వాడు అలాంటివాడవుతాడు.

"ఇంత సుళువా!" అన్నాను మొదటిసారి విని. "మా పెద్దాడు పుట్టినప్పుడు నాకెవరూ ఇవ్వలేదేరా ఈ పాయింట్లు? నాలుక్కి నాలుగూ తెలివిలో గుమ్మరించేదాన్ని."

సాయంత్రం ఆరింటికి పని ఆపి, షట్టరు సగం దించి, గంటసేపు ఆడేవాళ్ళు. అన్న ఆడతాడు, చెల్లెలు ఫారాలు కుడుతూ చూస్తుంది. నేను టీ ఫ్లాస్కు పట్టుకెళ్ళేదాన్ని. టీ సాకు, అసలు సంగతి పాయింట్ల తగాదా చూడ్డం. ఇద్దరూ సరేనంటే తప్ప ఒక్క పాయింటు వెయ్యకూడదని వాళ్ళలో వాళ్ళకి ఒప్పందం.

"బలంలో వేస్తున్నా."

"వెయ్యి, వెయ్యి. నీలాగే తయారవుతాడు, దారి కనబడకపోతే గోడని గుద్దుకుంటూ."

"చురుకులో వేస్తే నీలాగ గెంతుతాడు. కాలు ఒకచోట నిలవదు."

"గెంతేవాడికి దెబ్బ తగలదన్నయ్యా."

"తగిలిందంటే మళ్ళీ లేవడు కదే!"

అలా టీ చల్లారిపోయేదాకా వాదించుకుని, ఆఖరికి బలంలో రెండు, చురుకులో రెండు. ఆ ఆట మొదటి భాగం మెత్తటిది లెండి. ఏ గుణం పెంచినా ఏదో ఒక లాభం, ఏ ఆయుధమైనా ఎత్తేవాడు. అటూ ఇటూ కాని మనవాడు ఒక వానాకాలమంతా తడబడుతూ తడబడుతూ ఆఖరి కోట దాకా వెళ్ళి గెలిచాడు. ఆ రోజు చెల్లెలు పీట మీంచి లేచి అన్న వీపు మీద ఒక్కటిచ్చింది. ముగ్గురం నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళెట్టుకున్నాం. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బంక వాసనే వస్తుంది.

తరవాత ఒక మధ్యాహ్నం అంతా చెడింది. నేనక్కడే ఉన్నాను. కుట్టు లేకుండా పుస్తకం వెన్నుకి వేడి జిగురు రాసి అంటించే మిషను పెడదామని చెల్లెలు అంది. స్కూలు వాళ్ళకి రిజిస్టర్లు ఒక్కరోజులో కావాలిట, మనం మూడు రోజులు తీసుకుంటున్నాం, పని వేరేవాళ్ళకి పోతోందని చెప్పింది. మంచిగానే చెప్పింది.

"అంటించేది పుస్తకం కాదు, పొట్లం," అన్నాడు ఈయన. అక్కడితో ఆగితే పోయేది. "చేతిలో పనితనం లేనివాళ్ళకే మిషను కావాలి," అని కూడా అన్నాడు.

ఇరవై ఏళ్ళు ఆ కొట్టులో ప్రతి పుస్తకమూ కుట్టిన చెయ్యి ఆవిడది. చేతిలో ఉన్న ఫారం కుట్టడం పూర్తి చేసి, దారం తెంపి, సూది బల్లకి గుచ్చి వెళ్ళిపోయింది. ఊరికి అటు చివర ఒక పెద్ద ప్రింటింగు ప్రెస్సులో చేరింది. నాలుగేళ్ళు అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు.

మొన్నీమధ్య ఆ ఆటకి రెండో భాగం వచ్చింది. బాబాయి ఒక్కడే మొదలెట్టాడు. నేను ఫ్లాస్కు పట్టుకుని హాజరు. చూస్తే మనవాడి చేతిలో ఇంకా మొదటిరోజు ఇచ్చిన కర్రే. వంతెన మీద ఒక రాక్షసుడు, ఒక్క దెబ్బ వేస్తే మనవాడు చాపచుట్టలా పడిపోతున్నాడు. మళ్ళీ లేవడం, మళ్ళీ పడడం. వారం రోజులు చూశాను. నా కన్ను ఊరుకుంటుందా? తెర మూల ఒక అంకె మిలమిలలాడుతూ కనిపించింది.

"ఆ నలభై నాలుగేంట్రా?"

"ఏదో ఉంటుందిలే పెద్దమ్మా."

"ఏదో అంటే?"

"పాయింట్లు."

"పదకొండు లెవెళ్ళు పెరిగావు, ఒక్కటీ వెయ్యలేదా? ఎందుకని?"

ఆయన కీబోర్డుకి అంటిన బంక గోటితో గీకుతూ కూర్చున్నాడు. నేను కదల్లేదు. నాకు జవాబు రాకుండా ఏ గుమ్మమూ దిగే అలవాటు లేదు. చివరికి గొణిగాడు. "ఇద్దరం సరే అనుకోకుండా వెయ్యకూడదు కదా."

ఆ తరవాత ఇంకో సంగతి చెప్పాడు. రెండో భాగం పాతదానిలా కాదుట. ప్రతి ఆయుధానికీ ఒక గుణం గట్టిగా ఉండాలిట. గద ఎత్తాలంటే బలం ముప్పై ఐదు, సన్నకత్తి పట్టాలంటే చురుకు ముప్పై ఐదు. మనవాడికి పుట్టుకతో అన్నీ పదే. నలభై నాలుగు పాయింట్లతో ఒక్కటే అందుతుంది, రెండూ అందవు. వేసింది వెనక్కి రాదు.

"పాతలాగ రెండు రెండు పంచితే ఎందుకూ పనికిరాడు పెద్దమ్మా. ఈసారి ఎవరో ఒకరి మాటే నెగ్గాలి. నేనొక్కణ్ణీ వేసేస్తే, బుల్లి ఇంక ఇందులో లేనట్టే."

మరి ఫోను చెయ్యచ్చుగా అంటే తల అడ్డంగా ఊపాడు. "ఏ మొహంతో?"

మర్నాడు నేను బస్సెక్కాను. ప్రెస్సు పెద్ద షెడ్డు. మిషన్ల హోరులో చెల్లెలు కాగితాల దొంతర్ల మధ్య నిలబడి ఎవరినో కేకలేస్తోంది. నన్ను చూడగానే అడిగింది, "అన్నయ్యకేమైనా అయిందా?"

"అన్నయ్య బాగానే ఉన్నాడు. మనవాడి పరిస్థితే బాలేదు," అన్నాను. రెండో భాగం సంగతి, అందులో ఆయుధాల లెక్క, వంతెన సంగతి చెప్పి, "నలభై నాలుగు పాయింట్లు అలాగే పెట్టుకున్నాడే, నువ్వు సరే అనలేదని," అన్నాను.

"నలభై నాలుగా!" అంది. "మొదటి లెవెలు ఒంటితో పన్నెండో లెవెలు దాకా వచ్చాడా? ఎలా వచ్చాడు?"

"కర్రతో."

ఫక్కున నవ్వింది. ఆ తరవాత అటు తిరిగి, సరిగ్గానే ఉన్న కాగితాల దొంతరని చాలాసేపు సరిచేసింది. నేను ఇంకేమీ అడగలేదు. అడగకుండా ఊరుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

ఆదివారం సాయంత్రం ఆవిడ ఆ మూడు మెట్లూ దిగింది. బాగున్నావా లేదు, ఏం లేదు.

"బలంలో పాతిక వెయ్యి. మిగిలిన పంతొమ్మిదీ ఓర్పులో," అంది గుమ్మంలోంచే.

బాబాయి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. "లేదు, చురుకులో వేద్దాం. సన్నకత్తి."

"నీకేమైనా మతిపోయిందా? బుద్ధెరిగినప్పట్నించీ బలం బలం అన్నావు."

"నువ్వు చురుకు చురుకు అన్నావుగా!"

"అది అప్పుడు! సన్నకత్తివాడు రెప్పపాటులో పక్కకి దూకాలి. నీ వేళ్ళు నొక్కేసరికి రాక్షసుడు భోంచేసి చెయ్యి కడుక్కుంటాడు. నీకు గదే సరి."

"గద వద్దు."

"వద్దంటే ఎలా?"

ఎవరి పంతం కోసం వాళ్ళు కొట్లాడడం నా జన్మలో బోలెడు చూశాను. ఎదుటివాళ్ళ మాట నెగ్గాలని గొంతు చించుకోవడం అక్కడే చూశాను. ఫ్లాస్కు మూత కూడా తియ్యకుండా కూర్చున్నాను.

ఇంక వాదించలేక బాబాయి కీబోర్డు తీసి చెల్లెలి చేతుల్లో పెట్టాడు. "నా వేళ్ళు చాలవని నువ్వే అన్నావు కదా. సన్నకత్తి వేద్దాం, ఆడేది నువ్వు."

"నేనెప్పుడైనా ఆడానా? చూడ్డమే తప్ప."

"అంత సన్నటి కుట్టు కుట్టే చెయ్యి ఇంకెవరికుంది ఇక్కడ? ఈ వంతెన దాటడం నా వల్ల కాదు బుల్లీ."

ఆవిడ పాత పీట లాక్కుని కూర్చుని, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుంది. "ఛీ, ఇదేంటి ఇలా అతుక్కుంటోంది," అని తిట్టింది. చురుకులో పాతిక. ఓర్పులో పంతొమ్మిది. ఒక్కో దానికీ "సరేనా?" అని ఆవిడ అడగడం, "సరే" అని ఈయన అనడం. మూల ఉన్న అంకె సున్నా అయింది. మనవాడు కర్ర పారేసి కత్తి దూశాడు.

మొదటిసారి పడిపోయాడు. రెండోసారీ పడిపోయాడు. మూడోసారి వంతెన సగం దాటాక బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"బుల్లీ, ఆ రోజు నేనన్న మాట..."

"అది తరవాత. వాడు ఎటునుంచి వస్తున్నాడో చెప్పు ముందు!"

"ఎడమ! ఎడమవైపు!"

మనవాడు పక్కకి దూకాడు. దెబ్బ వంతెన రాళ్ళ మీద పడింది.