గిలాబ లేని గోడలు

మోటరు కారు కొన్ననాటి నుంచి పొద్దున్నే ఉతికిన పాతగుడ్డను పెనిమిటి చేతికి అందించడం శరణమ్మ పని. కొట్టంలోకి వెళ్లి మోటరు తుడిచేది ఆయనే. ఆయన చనిపోయాక ఇప్పుడు తనే గడప దాటి తుడుస్తున్నది. మడ్‌గార్డుల కిందికి చేయి పోనిచ్చి, వేళ్లకు దుమ్ము తగిలేదాకా వెతికి మరీ తుడుస్తుంది. యుద్ధం మూలంగా పెట్రోలు దొరక్క మోటరు ఊరికే నిలబడి ఉంది. కొట్టానికి బయట సున్నపు గిలాబ పూత అయింది గాని, లోపల ఎర్రరాయి అట్లాగే ఉంది. ఆ మెత్తని రాయిలో పెనిమిటి గొడ్డలితో చెక్కుకున్న గూళ్లలో పానాలు, నూనె డబ్బాలు ఉన్నాయి. లోపల కూడా గిలాబ చేయిద్దామని మరిది వీరభద్రప్ప సుతారి మేస్త్రీని మాట్లాడి, వాకిట్లో గుంత తీయించి సున్నం నానబెట్టించాడు.

"గోడలు నున్నగైతే అర్ర అయితది, వదినె. మోటరు అమ్మేసి పత్తి నింపుకుందం. నడిపేటోడే లేకపాయె."

"నేను నేర్చుకుంట."

"ఆడిమనిషి మోటరు నడిపితే కోహీర్ దాక నవ్వుతరు."

"కోహీర్ దాక నడుపుకుంట పోయి చూసొస్త, ఎవరు నవ్వుతరో. అర్ర గావాల్నంటె నీ ఇంట్ల కట్టుకో. గీ గోడల జోలికి రాకు."

వీరభద్రప్ప చెప్పులు తొడుక్కుని, వాకిలి దాటుతూ ఆగాడు. "సున్నం ఎండితే పాడైతది. పొద్దూకంగ జర నీళ్లన్న పొయ్యి."

సాయంత్రం ఆమె బావిలో నీళ్లు తోడి బంతిమొక్కలకు పోసింది, బర్రెకు పెట్టింది. గుంత అంచున సున్నం పగుళ్లు బారుతున్నది. చూసింది. ఖాళీ బిందె బోర్లించి లోపలికి నడిచింది.