దీపం ముందు చెప్పిన పేర్లు

మొన్న వేలూరు పక్కన బాగాయంలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మనవరాలు కంప్యూటర్లో రాజ్యాలు ఏలే ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. పాత ఆటలు కొన్నిటిలో జనం మొదటినుంచీ చివరిదాకా ఒకరేనట, ఏలేవాళ్ళు మాత్రం మారేవాళ్ళట. ఈ కొత్తదాంట్లో రాణి ఒకతే, కాలం మారినప్పుడల్లా ఆమె జనమే మారిపోతారు. "ఇప్పుడు వేరే జనాన్ని ఎంచుకోవాల అవ్వా, సుమ్మా, ఊరికే ఒకసారి నొక్కితే సాలు" అంది ఆ పిల్ల. నేను గబుక్కున దాని చెయ్యి పట్టుకున్నాను. నవ్వకండి, ఒక్కరోజులో తన జనం మారిపోయే భయం నా ఈడు ఆడవాళ్ళకు తెలుసు.

మాది తమిళనాట గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే ఇల్లు. తాత తరవాత నాన్న, నాన్న తరవాత అన్న అంగడిలో కూర్చున్నారు. పెద్ద మారాడే గానీ ఇల్లు మారలేదు. మాలో చాలామందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు కనుక వంశంలో పోయిన పెద్దల పేర్లు ఎక్కడా రాసిపెట్టుకోలేదు. సాయంత్రం దీపం పెట్టిన ఆడమనిషి ఆ పేర్లన్నీ వరసగా గొణుక్కుంటూ వాళ్ళను ఇంట్లోకి పిలవాలి. అమ్మ పక్కన నిలబడి, ఒక్కోసారి ఆవలిస్తూ, అమ్మచేత మొట్టికాయలు తింటూ, పద్దెనిమిది పేర్లూ నేర్చుకున్నాను.

పెళ్ళయి వేలూరుకు వస్తుంటే బస్సులో మేనత్త నా పక్కన కూర్చుని అత్తింటి పెద్దల పేర్లు దారి పొడుగునా వల్లె వేయించింది. "తప్పితే వాళ్ళ పెద్దోళ్ళు వాకిట్లోనే నిలబడిపోతారు, జాగ్రత్త నాయనా" అని బెదిరించింది కూడా. దిగేదాకా వల్లె వేస్తూనే ఉన్నాను. ఆ సాయంత్రం పదిమంది చూస్తుండగా దీపం వెలిగించి పెదవులు కదిపితే, వచ్చినవి మా పుట్టింటి పేర్లు! సగంలో తెలిసింది. ఆపితే పట్టుబడతానన్న భయంతో చివరిదాకా చెప్పేశాను.

మూడోనాడు మధ్యాహ్నం మామగారు అంగడిలో గుండె పట్టుకుని కూలబడ్డారు. ఇంటిల్లిపాదీ ఆయన కోసం ఏడుస్తుంటే నేను నాకోసం కూడా ఏడ్చాను, ఆ మాట దాచుకోను. పిలవని పెద్దలు అలిగి ఆయన్ను తీసుకుపోతున్నారనీ, చంపుతున్నది నేనేననీ వణికిపోయాను. రెండు రోజులు ముద్ద దిగలేదు, వాకిలి వైపు చూడాలంటేనే భయం. చివరికి వంటింట్లో అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడి అంతా చెప్పేశాను.

ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. "ఆ పెద్దోళ్ళు యాడికీ పోరు లేమ్మా. నేనూ కొత్తల్లో మా అమ్మగారింటోళ్ళనే పిలిచినాను, నాలుగు నెలలు. మీ మామకు ఒక జలుబు గూడా రాలేదు. ఇప్పుడు ఆ మనిషికి బీడీలు ఎక్కువైనాయి, అంతే. భయపడొద్దు, నీకూ మెల్లగా నోట్లో వరస మారిపోతాది."

మామగారు లేచి తిరిగారు, చాలా ఏళ్ళు బతికారు. నాకూ మారిపోయింది, ఏ రోజు మారిందో తెలియలేదు. అత్తగారు పోయాక ఆ ఇంటికి పెద్దను నేనే అయ్యాను.

బాగాయం నుంచి వచ్చిన సాయంత్రం దీపం పెట్టి, అత్తింటి వరస ముగించి, పుట్టింటిది ఒక్కసారి చెప్పుకుందామని కళ్ళు మూసుకున్నాను. నాన్న, తాత, ముత్తాత వచ్చారు. ఆ పైన ఎవరూ రాలేదు. అడుగుదామంటే అమ్మ లేదు, అన్న లేడు. వదినకు ఫోన్ చేస్తే, పేర్లు చెప్పడం మేం ఎప్పుడో మానేశామంది. మా అమ్మాయి ఇంట్లో దీపం పెడతారు, పేర్లు చెప్పరు. ఈ కాలం పిల్లలకు నేను పడిన భయం లేదు, మంచిదే. కానీ ఆనాడు అంత వణుకులోనూ ఆ కొత్తకోడలు పుట్టింటి పద్దెనిమిది పేర్లూ ఒక్కటి కూడా పోకుండా చెప్పింది.