రాజలింగు వేసిన ఓటు

చంద్రపూర్ పక్కన లాల్‌పేట్ బొగ్గు గనిలో ముప్పై నాలుగేళ్లు కప్పుకు దుంగలు నిలబెట్టిన మనిషి రాజలింగు. కర్రతో బండను తట్టి, మోతను బట్టి అది పడేదో పడనిదో చెప్పేవాడు. మా గల్లీలో ఆయనది మూడో ఇల్లు. రిటైరయ్యాక, ఊపిరితిత్తుల్లో దుమ్ముతో మిగిలిన ముసలివాళ్లనూ మొగుళ్లు పోయిన ఆడవాళ్లనూ కూడగట్టి ఒక సంఘం పెట్టాడు. పన్నెండు దేశాల గని కుటుంబాలున్న అంతర్జాతీయ వేదిక ఒకటి ఆ సంఘాన్ని తనలో కలుపుకుంది. రెండేళ్లకోసారి దాని సభ. ఎక్కడ జరపాలో ఏడుగురు సభ్యులు ఓటేస్తారు. ఏడో తరగతి తప్పిన రాజలింగు ఆ ఏడుగురిలో ఒకడు.

పోయిన సభకు రెండు ఊళ్లు పోటీకి వచ్చాయి. ఒకటి చలిదేశపు నగరం. అక్కడ ఎవరైనా ఏమైనా మాట్లాడొచ్చు. కానీ అంతకుముందు అక్కడే సభ జరిగినప్పుడు మా పదకొండు మంది ఆడవాళ్లలో ఎనిమిది మందికి వీసా రాలేదు. రెండోది ఎడారి నగరం. విమానం, హోటలు, పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్ష అన్నీ వాళ్లవే. ఒకటే షరతు. ఆ దేశపు పాలకుల మీద, చట్టాల మీద, కంపెనీల మీద సభలో ఎవరూ నోరెత్తకూడదు. ఎత్తితే అక్కడ నేరం.

రాజలింగు కూతురు వనిత ఆ షరతును ఫోన్లో చదివి తండ్రికి చెప్పినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"బాపూ, దీనికి ఒప్పుకునుడంటే మన నోటికి మనమే తాళం ఏసుకునుడు."

"తాళం ఏసుకోని లోపటికన్న పోతం బిడ్డా. ఆ చలిదేశపోల్లు దర్వాజనే తియ్యరు గద!"

"గంత దూరం పోయి మూగోల్ల లెక్క కూసుంటరా?"

"మనం పోయేది ఆల్ల ముచ్చట చెప్పుతందుకా? మన సావులు మనం చెప్పుకుంటం, దవాఖాన్ల చూపిచ్చుకుంటం, వాపస్ వస్తం. బస్."

పక్కింటి మల్లవ్వ గడప మీద కూర్చుని వింటోంది. బొగ్గు డిపోలో గంపలు మోసి దమ్ము తెచ్చుకున్న మనిషి. "ఓ వనితా, నాకు మాట్లాడితేనే దగ్గొస్తది. మాట్లాడకుండ్రి అంటే నాకింక మంచిదేనే!" అంది. అందరం నవ్వాం. వనిత నవ్వలేదు.

ఓట్లు మూడూ మూడూ అయ్యాయి. రాజలింగు ఓటుతో ఎడారి నగరం గెలిచింది.

లాల్‌పేట్ సంఘంలో ఏ మీటింగైనా హాజరీతో మొదలవుతుంది. పోయినవాళ్ల పేరు, ఊరు, పోయిన తీరు ఒక్కొక్కటే పిలుస్తారు. కూర్చున్నవాళ్లంతా "హాజర్" అంటారు. చివర, పిలిచినాయన "ఇంకెవలన్న మిగిలిండ్రా?" అని అడిగి తీరాలి. అడగకుండా కాగితం మడిస్తే మిగిలినవాళ్లకు అన్యాయం చేసినట్టే. ఎవరైనా లేచి తమవాళ్ల పేరు కలపొచ్చు. ప్రసంగాలు ముందే రాసి పంపాలని అక్కడివాళ్లు కోరితే, రాజలింగు పద్నాలుగు పేర్లు మాత్రం పంపాడు. చివరి ప్రశ్న పంపలేదు. అదొక ప్రసంగమని ఆయనకు తోచనే లేదు.

హోటల్లో మొదటి సాయంత్రం నీళ్లు పోయడానికొచ్చిన ఒక యువకుడు, వీళ్ల మాట విని జగ్గు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడట. అతని అసలు పేరు నేను రాయను. ఎల్లేష్ అనుకుందాం.

"కాకా, మీది చంద్రపూర్ దిక్కా?"

"లాల్‌పేట్. నీదేడ?"

"విసాపూర్ దిక్కే. మూడేండ్లాయె మన మాట ఇనక. ఇంకో రెండు మాటలు మాట్లాడుండ్రి, ఇనాలనుంది."

రాజలింగు అతనికి మల్లవ్వ చేసిన సర్వపిండి ముక్క పెట్టాడు. ఎల్లేష్ దాన్ని అటు తిరిగి తిన్నాడు.

మర్నాడు పొద్దున సభ మొదలైంది. రెండు వందల మంది. రాజలింగు పద్నాలుగు పేర్లు పిలిచాడు. హాలంతా "హాజర్" అంది. చివర, అలవాటు కొద్దీ తెలుగులోనే అడిగాడు: "ఇంకెవలన్న మిగిలిండ్రా?"

గోడ వారన ఎల్లేష్ జగ్గు కింద పెట్టాడు. "మిగిలిండ్రు కాకా" అన్నాడు. అందరికీ అందాలని హిందీలోకి మారి, హోటలుకు రాకముందు తనతో పాటు ఇదే ఊళ్లో ఇళ్లు కట్టే పనిలో ఉండి, ఎండకు పడి చనిపోయిన ముగ్గురి పేర్లు చెప్పాడు. ఏ బిల్డింగో, ఎన్నో అంతస్తో చెప్పాడు. పని చేయించిన కంపెనీ పేరు కూడా చెప్పాడు. అతని హిందీ మాటలు దుబాసీల నోట నాలుగు భాషల్లోకి పోయాయి. హాలంతా మూడుసార్లు "హాజర్" అంది. రాజలింగు ఆ ముగ్గురినీ తన కాగితం చివర రాసుకున్నాడు. ఆ నిమిషం తన గుండె ఉప్పొంగిందని నాతో చెప్పాడు. చెప్పి, నేల వైపు చూశాడు.

భోజనాల దగ్గర నీళ్లు పోసింది వేరే మనిషి. ఎల్లేష్ ఏడని అడిగితే తల అడ్డంగా ఊపి జరిగిపోయాడు. వంటవాళ్లలో ఒకడు చెవిలో చెప్పాడు, వెనక తలుపు నుంచి తీసుకుపోయారని. రాజలింగు దుబాసీని వెంటబెట్టుకుని మా సభ నిర్వాహకురాలి దగ్గరికి వెళ్లాడు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి గాని మాట గట్టిగానే ఉంది. "మనం సంతకం పెట్టాం. ఇప్పుడు వేదిక మీద అతని గురించి అడిగితే సభ ఇక్కడితో ఆగిపోతుంది. మధ్యాహ్నం ఆసుపత్రి కూడా ఉండదు."

మల్లవ్వా మిగతా పది మందీ అప్పటికే ఆసుపత్రి చీటీలు చేతపట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. రాజలింగు వాళ్లను చూశాడు. వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. సభ ముగిసేదాకా ఆ రెండు రోజులూ అడగడానికి లేవలేదు.

మల్లవ్వకు మందు దొరికింది. ఇప్పుడు ఆగకుండా వాడ చివరి దాకా నడుస్తుంది.

ఊరికి తిరిగొచ్చిన నాలుగో రోజు రాజలింగు ఎల్లేష్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. తోడు నేనూ వెళ్లాను. అతని భార్య స్వప్న అంతా విన్నది.

"మీరు లేచి అడుగలేదా తాతా?"

"అడుగలే బిడ్డా."

"ఎంతమంది ఉన్నరు ఆడ?"

"రెండు నూర్లు."

"రెండు నూర్ల మందిల..." అని ఆమె ఆగి, ఆరేస్తున్న చీరను మళ్లీ పిండింది.

అర్జీలు రాసే పని నాది. మన ప్రభుత్వానికీ, అక్కడి మన రాయబార కార్యాలయానికీ పెడితే, ఒకదానికే జవాబొచ్చింది, విచారణలో ఉందని. ఇంకో అర్జీ రాయించడానికి వెళ్తే స్వప్న గుమ్మంలోనే చేతులు జోడించింది. అక్కడి నుంచి ఎవరో ఫోన్ చేశారట. అతని పేరు ఎక్కడా బయటికి రాకపోతే దసరాకు పంపిస్తారట.

"మీకు దండం పెడుత తాతా. ఇంక ఎవ్వలకు చెప్పకుండ్రి. మీ మీటింగులల్ల అసలే అనకుండ్రి."

"అననమ్మా."

భాద్రపదంలో తర్వాతి సభకు ఓటింగు వచ్చింది. వనిత ఫోన్ పట్టుకుంది, తెర మీద ఏడు ముఖాలు. పోయిన సభ ప్రశాంతంగా జరిగిందనీ, మళ్లీ అదే నగరం పిలుస్తోందనీ చదివారు. రాజలింగు ఒక్కడే వద్దన్నాడు. కారణం చెబితే రాసుకుంటామని అధ్యక్షుడు మర్యాదగా అడిగాడు. చెబితే ఇద్దరో ముగ్గురో అటు నుంచి ఇటు రావచ్చని వనితకూ తెలుసు, నాకూ తెలుసు.

"చెప్పు బాపూ" అంది వనిత మెల్లగా.

రాజలింగు ఫోనుకు దగ్గరగా జరిగాడు.

"కారణమేం లేదు. ముసలోన్ని. ఆడ ఎండకు తట్టుకోను."

ఏసీ బస్సులు పెట్టిస్తామని ఒకాయన నవ్వుతూ ధైర్యం చెప్పాడు. ఆరు ఓట్లతో ఆ నగరమే గెలిచింది.

దసరా వెళ్లి నెల దాటింది. ఎల్లేష్ రాలేదు. ఇంకో నాలుగు దినాలు ఆగుమంటుంది స్వప్న. రాజలింగు ఆగుతున్నాడు.